ఔషధశాలలో ‘మనవాడు’: ఖతార్‌లో ఫార్మసిస్టుల ఉద్యోగాన్వేషణ గురించి కొన్ని మాటలు

దోహాలో మన తెలుగువారు నలుగురు కలిసిన చోట, అది ఉగాది పచ్చడి పంచుకునే వేళ అయినా సరే, సంక్రాంతి ముగ్గుల పోటీ అయినా సరే, ఒక ప్రశ్న తప్పక వినబడుతుంది. “మా అబ్బాయి బి.ఫార్మసీ పూర్తి చేశాడండీ. మీకు తెలిసినవారెవరైనా ఉంటే ఒక మాట చెప్పి పెట్టండి.” రసాయనశాస్త్రంలో పరిశోధన చేసినవాడిని కాబట్టి మందుల దుకాణాలన్నీ నాకు బంధువులేనని మన మిత్రుల నమ్మకం. ఆ ఒక్క మాట వెనుక ఎంత శాస్త్రం, ఎంత బాధ్యత, ఎంత రాజకీయం దాగి ఉన్నాయో ఈ సంచిక పాఠకులతో పంచుకోవాలనిపించింది.

ఆమధ్య ఒక శుక్రవారం సాయంత్రం ఒక తెలుగు సోదరి మా ఇంటికి వచ్చింది. నగరంలో ఒక ప్రైవేటు ఔషధశాలలో ఫార్మసిస్టు. “అన్నయ్యగారూ, నాకు వేరే ఉద్యోగం చూడండి” అన్నది. కారణమేమిటని అడిగితే చెప్పిన సంగతి ఇది. కీళ్లవాతంతో బాధపడే ఒక పెద్దాయన మందుల చీటీ తెచ్చాడు. అందులో మెథోట్రెక్సేట్ మాత్ర ‘రోజుకు ఒకటి’ అని ఉంది. ఆమె మందు ఇవ్వకుండా డాక్టరుగారికి ఫోను చేసింది. ఆయన దొరకలేదు. పెద్దాయన విసుక్కుని వెళ్లిపోయాడు. వచ్చిన బేరాన్ని పోగొట్టావని మేనేజరు అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. మరునాడు డాక్టరుగారు చీటీని ‘వారానికి ఒకసారి’ అని సరిదిద్ది పంపారు. దానిని గురించి మాత్రం ఆ దుకాణంలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

రోజుకూ వారానికీ మధ్య ఉన్న తేడా ఏపాటిదో కొంచెం చెప్పాలి. మన శరీరంలో కొత్త కణం పుట్టాలంటే డీఎన్‌ఏ తయారు కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని పనికివచ్చే రూపంలోకి మార్చే ఎంజైమును మెథోట్రెక్సేట్ అడ్డుకుంటుంది. కీళ్లవాతానికి దీనిని తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారే ఇస్తారు. అదే మాత్రను దినదినమూ మింగితే నోరు పుండ్లు పడుతుంది, ఎముకల మజ్జలో రక్తకణాల తయారీ కుంటుపడుతుంది, ప్రాణమే పోవచ్చు. ఇటువంటి పొరపాట్లు అనేక దేశాలలో జరిగాయి, మరణాలూ సంభవించాయి. ఆ సోదరి పోగొట్టింది ఒక బేరం. నిలబెట్టింది బహుశా ఒక ప్రాణం.

ఈ మందుకూ మన తెలుగువారికీ ఒక అనుబంధం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో ఫోలిక్ ఆమ్లం మీద, దానికి ప్రత్యర్థులైన రసాయనాల మీద జరిగిన కృషి నుండే మెథోట్రెక్సేట్ కుటుంబం వెలువడింది. ఆ కుటుంబానికే చెందిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. సుబ్బారావుగారు అదే సంవత్సరం కన్నుమూశారు.

ఆయన జీవితం ఉద్యోగాన్వేషకులకు ఒక పాఠం. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా పొందారు. 1923లో బోస్టన్ చేరినప్పుడు ఆ పట్టాతో ఆస్పత్రిలో వైద్యుని కొలువు దొరకలేదు. రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేస్తూ చదువుకున్నారు. హార్వర్డులో ఇన్నేళ్లు పనిచేసినా శాశ్వత స్థానం లభించక 1940లో లెడర్లీకి మారారు. పట్టా విలువ మీద పేచీ, పైవారి అసూయ, దక్కని గుర్తింపు ఈనాడు కొత్తగా పుట్టినవి కావు. ఆయన వాటిని జయించినది ఎవరి సిఫార్సుతోనో కాదు, పనిలోని నిక్కచ్చితనంతో.

ఇక ఖతార్ సంగతి. ఇక్కడ ఫార్మసిస్టుగా పనిచేయాలంటే ప్రజారోగ్య మంత్రిత్వశాఖలోని ఆరోగ్య వృత్తుల విభాగం ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. పట్టా, అనుభవ పత్రం, స్వరాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, వీటన్నిటినీ జారీ చేసిన సంస్థలనే నేరుగా అడిగి నిర్ధారించుకుంటారు. ఆపైన కంప్యూటరు మీద రాసే ప్రోమెట్రిక్ పరీక్ష. మన 1948 నాటి ఫార్మసీ చట్టం కింద రెండేళ్ల డిప్లొమా చదివినవారు కూడా ఫార్మసిస్టుగా నమోదు కావచ్చును. ఇక్కడ ఆ డిప్లొమాతో లభించేది టెక్నీషియన్ హోదా మాత్రమే. ఇది తెలియక ఎందరో యువకులు బయలుదేరి వచ్చి నిరుత్సాహపడుతున్నారు. పైగా పోటీ కూడా పెరిగింది. ఖతార్ విశ్వవిద్యాలయం 2007లో ఫార్మసీ కళాశాలను ప్రారంభించి, కెనడా వెలుపల కెనడా గుర్తింపు పొందిన మొదటి కళాశాలగా దానిని తీర్చిదిద్దింది. ‘గల్ఫులో ఏదో ఒకటి దొరుకుతుందిలే’ అన్న మాటకు ఈ వృత్తిలో కాలం చెల్లింది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక మిత్రుని కుమారుని దరఖాస్తును, పూర్తిగా చదవకుండానే, నాకు పరిచయమున్న ఒక యజమానికి అందజేశాను. “మనవాడే, మంచివాడు” అన్నాను. ఉద్యోగం ఖాయమైంది. కాని పత్రాల నిర్ధారణలో గుట్టు బయటపడింది. ఆ అబ్బాయి ఎన్నడూ పనిచేయని దుకాణం పేరిట ఊరిలోని ఒక ఏజెంటు రెండేళ్ల అనుభవ పత్రం పుట్టించి ఇచ్చాడు. ఆ ప్రతికూల నివేదికతో అతని దారి మూసుకుపోయింది. అతడు చదువులో మందుడు కాదు. నిజమే రాసి, మరి రెండేళ్లు ఆగి ఉంటే సగర్వంగా వచ్చేవాడు. ఆ పత్రాన్ని నేను ఒక్కసారి శ్రద్ధగా చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే ఆ కుటుంబానికి అంత నష్టం కలిగేది కాదు.

ఏజెంట్ల విషయంలోనూ మనవారికి తెలియవలసిన సంగతులున్నాయి. ఖతార్‌లోని 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం నియామకం పేరుతో ఉద్యోగి నుండి సొమ్ము వసూలు చేయరాదు. మన దేశంలో నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుముకు 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే పరిమితి. లక్షలు అడిగేవాడు ఉద్యోగం ఇప్పించడం లేదు, అమ్ముతున్నాడు. పొలం తాకట్టు పెట్టి కొన్న ఉద్యోగంలో చేరినవాడు మేనేజరు ముందు ‘ఇది తప్పు’ అని అనగలడా? అప్పు తీరేదాకా అతని గొంతు అతనిది కాదు. ఉద్యోగాన్వేషణలోని అవినీతి చివరకు రోగి మంచం దాకా చేరే మార్గం ఇదే.

పనిచోట రాజకీయాల గురించి మనం చేసే ఫిర్యాదులకు అంతులేదు. ఫలానా రాష్ట్రంవారు తమవారినే పైకి తెచ్చుకుంటారు, ఫలానా దేశంవారికి జీతం ఎక్కువ అంటూ వాపోతాము. అందులో నిజం లేకపోలేదు. కాని మరుక్షణమే ‘మనవాడికి’ ఒక మాట చెప్పమని అడుగుతాము. ఇతరులు చేస్తే పక్షపాతం, మనం చేస్తే ఐకమత్యమా? సిఫార్సు లేనిదే ఏ సమాజమూ ప్రవాసంలో నిలదొక్కుకోలేదని పెద్దలు వాదిస్తారు. అది కొంతవరకు సమంజసమే. మొదటి అడుగుకు చేయూత ఇవ్వవలసిందే. అయితే ఇవ్వవలసినది సమాచారం, శిక్షణ, నిజాయితీగల సలహా. అర్హతను పరిశీలించని హామీ కాదు. బియ్యం దుకాణంలో గుమాస్తా పొరబడితే లెక్క తప్పుతుంది. మందుల దుకాణంలో పొరబడితే మనిషే దక్కడు.

మరొక చిక్కు అమ్మకాల లక్ష్యాలు. కొన్ని ప్రైవేటు దుకాణాలలో విటమిన్లు, సౌందర్య సాధనాలు ఎన్ని అమ్మితే అంత మెచ్చుకోలు. ఫార్మసిస్టుకు ‘ఈ మందు మీకు అవసరం లేదు’ అని చెప్పే హక్కు లేనప్పుడు అతడు తెల్లకోటు తొడుక్కున్న విక్రేతగా మిగులుతాడు. ఈ విషయంలో కొంత ఊరట ఉన్నది. 2020 సెప్టెంబరు నుండి ఖతార్‌లో ఉద్యోగం మారడానికి పాత యజమాని నిరభ్యంతర పత్రం అక్కరలేదు. రెండేళ్ల లోపు పనిచేసినవారు ఒక నెల, అంతకు మించి పనిచేసినవారు రెండు నెలల ముందు తెలియజేస్తే చాలును. లైసెన్సులో పనిచోటు మార్పును మాత్రం విధిగా నమోదు చేయించుకోవాలి. చట్టం తలుపు తెరిచింది. ఆ గడప దాటే ధైర్యం అప్పులేని చేతికి, కల్లలేని పత్రానికి వస్తుంది.

మన సంఘం చేయదగిన పని ఏమిటి? నెలకొక శుక్రవారం, అనుభవజ్ఞులైన మన ఫార్మసిస్టుల చేత కొత్తవారికి పరీక్షా పాఠాలు చెప్పించవచ్చును. భోజనానికి ముందు అనడానికి ‘ఖబ్ల్ అల్ అక్ల్’, తరువాత అనడానికి ‘బాద్ అల్ అక్ల్’ వంటి అరబ్బీ మాటలు నేర్పించవచ్చును. పత్రాలను ఏజెంటుకు ఇచ్చే ముందే మనమే పరిశీలించి, లోపాలుంటే మొగమాటం లేకుండా చెప్పవచ్చును.

గృహస్థులమైన మనమూ ఒక పని చేయాలి. ఇండియాలో క్రోసిన్, ఇక్కడ పనడాల్, పేరు ఏదైనా రెండూ పారాసిటమాలే. జలుబు మాత్రలలోనూ అదే ఉండవచ్చును. ఒకదానిపై ఒకటి వేసుకుంటే కాలేయానికి ముప్పు. ఫార్మసిస్టు “ఇంకేం వాడుతున్నారు?” అని అడిగితే విసుక్కోకండి. ఇంటినుండి తెచ్చుకునే దగ్గు మందులో కొడీన్, నొప్పి మాత్రలో ట్రమడాల్ ఉంటే ఇక్కడి విమానాశ్రయంలోనే చిక్కులో పడతారు. ప్రయాణానికి ముందే అడిగి తెలుసుకోండి.

ఆ సోదరికి నేను ఉద్యోగం చూడలేదు. మెథోట్రెక్సేట్ సంగతిని తేదీలతో సహా ఒక పుటలో రాసి దరఖాస్తుకు జతపరచమన్నాను. ఇంటర్వ్యూలో ఆ పుట గురించే ఎక్కువసేపు అడిగారట. ఇప్పుడు ఆమె వేరొకచోట పనిచేస్తున్నది. జీతం కొంచెం తక్కువే. “కాని అన్నయ్యగారూ, ఇక్కడ నేను ఫోను తీస్తే ఎవరూ కోప్పడరు” అన్నది. మన పిల్లలకు ఉద్యోగం వెదికేటప్పుడు జీతమెంత అని అడిగే ముందు, ఆ మాట చెప్పుకోగల చోటేనా అని అడుగుదాము.