నాకు పడ్డ సున్నా

నిన్న మా అమ్మాయి నాకు పరీక్ష పెట్టింది. "నాన్నా, విరేచనాలవుతున్న పిల్లవాడికి నీళ్లివ్వవచ్చా?"

"కూడదు. ఇంకా ఎక్కువవుతాయి" అన్నాను, ఎం.ఏ. ఠీవితో.

సున్నా వేసింది! ప్రాణం తీసేది ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడమేనట. ఓ.ఆర్.ఎస్. పొట్లం లేకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో అంచుకు సమంగా ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. పేగుల్లో పంచదార ఉప్పును లోపలికి తీసుకుపోతుంది. వాటి వెంట నీరూ పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు కలరా సోకినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి నీటితోనే ఎందరినో బతికించారు.

నా చిన్నతనంలో పక్కింటి పసివాడు దాహమని ఏడిస్తే, చెంబు అందకుండా దాచింది నేనే. ఆ బిడ్డ దక్కలేదు.

పాఠకులారా, ఈ ప్రశ్న ఇవాళే మీ ఇంట్లో అడగండి.