లాభం కంటే ముందు బకాయిల లెక్క

2015-16లో యెస్ బ్యాంకు రూ.2,500 కోట్లకు పైగా నికర లాభం చూపింది. మొండి బకాయిలు రూ.749 కోట్లేనని, అంటే ఇచ్చిన అప్పుల్లో ఒక శాతం కూడా కావని ప్రకటించింది. రిజర్వు బ్యాంకు తనిఖీ చేస్తే అదే ఏడాది బకాయిలు రూ.4,926 కోట్లని తేలింది. మరుసటి ఏడు బ్యాంకు చెప్పింది రూ.2,018 కోట్లు, తనిఖీలో బయటపడింది రూ.8,374 కోట్లు. మూడేళ్లు తిరగకుండానే, 2020 మార్చి 5న ఆ బ్యాంకుపై మారటోరియం విధించారు. రూ.50 వేలకు మించి సొంత డబ్బు తీసుకునే వీలు లేక ఖాతాదారులు రెండు వారాల పాటు నానా అగచాట్లు పడ్డారు.

బ్యాంకు ఫలితాలు రాగానే అందరి చూపూ నికర లాభం మీదే పడుతుంది. పత్రికల శీర్షికలూ అవే. కానీ ఆ అంకె నిలబడేది బకాయిల లెక్క మీద. వాయిదా 90 రోజులు దాటినా కట్టకపోతే ఆ అప్పును మొండి బకాయిగా చూపాలి, దానికి లాభంలోంచి కొంత సొమ్ము కేటాయించాలి. పాత అప్పు తీర్చడానికి అదే కంపెనీకి కొత్త అప్పిస్తే పద్దుల్లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కేటాయింపు తప్పుతుంది, లాభం పెరుగుతుంది, మూలధనమూ పుష్కలంగా ఉన్నట్టే ఉంటుంది. దాచింది ఒక్క బకాయినే అయినా మూడు అంకెలు అబద్ధమాడతాయి.

అందుకే మూలధన నిష్పత్తిని కూడా గుడ్డిగా నమ్మలేం. 2019 సెప్టెంబరు చివర యెస్ బ్యాంకు కీలక మూలధనం 8.7 శాతం. నిబంధనల ప్రకారం అది సరిపోయేదే. మూడు నెలలకే 0.6 శాతానికి పడిపోయింది. భారీ మొండి బకాయిలు ఒక్కసారిగా పద్దులకెక్కడంతో ఆ త్రైమాసికంలో వచ్చిన నష్టం రూ.18,564 కోట్లు. అదే మూడు నెలల్లో డిపాజిట్లు రూ.2.09 లక్షల కోట్ల నుంచి రూ.1.65 లక్షల కోట్లకు తగ్గాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ముందే మేల్కొని రూ.1,300 కోట్లు వెనక్కి తీసుకుంది. సామాన్య ఖాతాదారుకు ఆ హెచ్చరిక అందలేదు.

నిజానికి బకాయిల తేడా 2017లోనే బయటికి వచ్చింది. రిజర్వు బ్యాంకు ఆదేశంతో యెస్ బ్యాంకే దాన్ని వెల్లడించింది. అయితే వార్షిక నివేదిక అనుబంధ పేజీలను తిరగేసే డిపాజిటరు ఎంతమంది? పైగా తేడా నిర్ణీత పరిమితి దాటితేనే వెల్లడించాలన్నది నిబంధన. ఆ పరిమితిని ఎత్తివేయాలి. తనిఖీలో తేలిన ప్రతి తేడానూ త్రైమాసిక ఫలితాల మొదటి పేజీలోనే, లాభం పక్కనే ముద్రించాలి. డిపాజిట్ బీమా రూ.5 లక్షల వరకే. అంతకు మించి దాచుకోదలచినవారు వడ్డీ రేటు అడిగే ముందు ఆ బ్యాంకు మొండి బకాయిలెంతో, రిజర్వు బ్యాంకు తేల్చిన లెక్కెంతో అడిగి తెలుసుకోవాలి.