కుందేటి గూడు

గుంటూరులో మా ఈస్టరు పండుగ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరంభమగును. ముందునాడే ఇంటివారు పోయి తమవారి సమాధులకు సున్నము కొట్టించి, చుట్టును మొలచిన కంపను తీయించి వత్తురు. ఇంకను చీకటి విడువకమునుపే కొవ్వొత్తులును పూలదండలును చేతబట్టుకొని పిన్నలును పెద్దలును అచ్చట గుమిగూడుదురు. కీర్తనలు ముగియువేళకు తూర్పు తెల్లబారును. పిల్లల పాలికి ఆనాటి విశేషములు రెండే, కొత్తబట్టలును మధ్యాహ్నపు కోడికూరయును. ఇట్టి పండుగకు డెబ్బది ఏండ్లుగా అలవాటుపడినవాడను గనుక, 2025వ సంవత్సరపు వసంతమున, ఫిలడెల్ఫియా నగరమునకు పడమటగా నున్న మా అమ్మాయి ఇంట, ఏడేండ్ల మనుమడు "తాతయ్యా, ఈసారి కుందేలు నా బుట్టలో ఏం పెడుతుంది?" అని అడిగినప్పుడు నాకు బదులు తోచలేదు.

అమెరికా దేశమున ఈస్టరు ఆదివారమునాడు పిల్లలు కన్ను తెరచుసరికి, రాత్రివేళ ఎవరికిని కనబడక వచ్చిపోయిన కుందేలొకటి వారివారి పేర బుట్టలు పెట్టి పోయియుండును. బుట్టలో ఆకుపచ్చని గడ్డి, గడ్డిలో రంగురంగుల గుడ్లు, గుడ్లచుట్టును చాక్లెట్లు, జెల్లీ బిళ్లలు, చక్కెర పిట్టలు. మన ఇండ్లలో తాతలు సంతనుండి తెచ్చెడి తాయిలమువంటిదే యని మొదట అనుకొంటిని గాని, తాయిలము గుప్పెడు, ఇది గంపెడు. అందులోను ఆ యేడు మా అమ్మాయికి రెండు చిక్కులు వచ్చిపడినవి. పిల్లవానికి రెండు పండ్లు పుచ్చినవని పళ్ల డాక్టరు చెప్పియుండెను. అల్లునికి ఉద్యోగము మారి జీతము తగ్గియుండెను. మిఠాయి వలదు, ఖర్చు పెరుగరాదు అని భార్యాభర్తలు నిశ్చయించుకొని నన్నుకూడ వెంటబెట్టుకొని అంగడికి బయలుదేరిరి.

ఆ అంగడిలో నేను చూచినదే ఈ వ్యాసమునకు కారణము. మిఠాయి వలదనెడి తల్లిదండ్రులు పెరుగుచున్నారని వర్తకులు మనకంటె ముందే కనిపెట్టినారు. వారికొరకు వేరొక వరుస నిండుగ బుట్టలు సిద్ధముగా నున్నవి. గలగలలాడు పారదర్శకపు కాగితములో చుట్టిన ఆ బుట్టలలో బొమ్మకార్లు, నురుగుబంతులు, రెండు దినములలో విరిగిపోవు ఆటవస్తువులు కిక్కిరిసి యున్నవి. వెల మాత్రము మిఠాయిబుట్టకు ఇంచుమించు మూడింతలు. చక్కెర ఖాళీచేసిన చోటును ప్లాస్టిక్కు ఆక్రమించినది, అంతే. 2023 ఈస్టరునకు అమెరికా ప్రజలు వెచ్చించదలచిన మొత్తము 2,400 కోట్ల డాలర్లని అక్కడి రిటైలు వర్తకుల జాతీయ సమాఖ్య అంచనా కట్టినది. ఇంతటి ప్రవాహములో ఒక గృహస్థు మిఠాయిని మానినంతమాత్రమున గట్టెక్కడని నాకు ఆనాడు తోచినది. చిక్కు మిఠాయిలో లేదు, నింపవలెనను పట్టుదలలో ఉన్నది. లోతైన బుట్టను కొన్నవాడు దానిని నింపక తప్పదు. సగము నిండిన బుట్టను చూచి పిల్లవాడు చిన్నబుచ్చుకొనునేమో యను భయము తల్లిదండ్రులచేత ఎంతటి అనవసరపు వస్తువునైనను కొనిపించును.

ఈ బుట్ట మొదట బుట్టయే కాదని నాకు తెలిసినది ఈ ఆచారపు చరిత్ర తిరుగవేయునప్పుడు. మధ్యయుగపు ఐరోపాలో ఈస్టరునకు ముందు వచ్చు శ్రమకాలపు నలువది దినములును గుడ్లు నిషిద్ధాహారము. కోళ్లు ఉపవాసము నెరుగవు గనుక గుడ్లు కుప్పలుగా మిగులును. మిగిలినవానికి రంగులద్ది పండుగనాడు పంచిపెట్టుట ఆచారమైనది. ఇంగ్లండు రాజగు మొదటి ఎడ్వర్డు 1290లో 450 గుడ్లకు రంగులును బంగారు రేకులును పూయించుటకు 18 పెన్నీలు వెచ్చించినట్లు ఆయన ఇంటిలెక్కలలో కలదు. కుందేలు అటుపిమ్మట వచ్చినది. జర్మనీ వైద్యుడు గేయార్గ్ ఫ్రాంక్ ఫాన్ ఫ్రాంకెనావు 1682లో ఈస్టరు గుడ్లను గూర్చి లాటిను భాషలో ఒక వైద్యగ్రంథము వ్రాయుచు, ఆ గుడ్లను కుందేలు పెట్టునని అల్సాసు ప్రాంతపు పిల్లలు నమ్ముదురని చెప్పి, పండుగ పేరిట గుడ్లు మితిమీరి తినుటవలన కలుగు అజీర్తినిగూర్చి హెచ్చరించెను. పండుగనాటి తిండిని చూచి వైద్యుడు నొసలు చిట్లించుట చాక్లెట్టు గుడ్లు అంగడికెక్కకమునుపే ఉన్నదన్నమాట.

పదునెనిమిదవ శతాబ్దమున, మా అమ్మాయి ఉండు పెన్సిల్వేనియా రాష్ట్రమునకు వలస వచ్చిన జర్మను రైతులు ఈ కుందేలును వెంట తెచ్చుకొనిరి. వారి పిల్లలు పండుగ ముందునాటి సాయంకాలమున తమ టోపీలను, తలగుడ్డలను తిరగవేసి, వానిలో గడ్డి పరచి, ఇంటి మూలనో పశువుల కొట్టములోనో గూడుకట్టి, కుందేలు వచ్చి అందులో గుడ్లు పెట్టునని కాచుకొనుచుండెడివారు. గూడు పిల్లవానిది, అందులో వచ్చి చేరునది అతని టోపీకి పట్టినంతయే. ఈ రాష్ట్రమునుండియే ఫాదర్ హైయర్ 1842 జూలై 31న మా గుంటూరుకు వచ్చి లూథరను సంఘమును నెలకొల్పెను. పుట్టుకచే జర్మనుడును, పెన్సిల్వేనియా సంఘము పంపినవాడును అగు ఆయన బడిని తెచ్చెను, బైబిలును తెచ్చెను, కుందేలును మాత్రము తేలేదు. తెచ్చియుండినచో మా అమ్మమ్మ దానిని కూర వండియుండెడిది.

మా అమ్మాయి ఇంటికి ఉత్తరముగా బెత్లెహేము అను ఊరొకటి కలదు. 1741లో మొరేవియను భక్తులు స్థాపించిన ఆ ఊర నేటికిని ఈస్టరునాడు చీకటితోనే బాకాలు ఊదుచు సమాధుల తోటకు పోయి సూర్యోదయమునకు ఎదురు నిలిచెదరు. ఆ సంగతి విని నాకు గుంటూరు గుర్తుకువచ్చి ప్రాణము లేచివచ్చినది. ఆ ఊరనే పీప్స్ అను పచ్చని చక్కెరపిట్టలను చేసెడి కర్మాగారమును కలదు. 1953లో జస్ట్ బోర్న్ వారు ఆ వ్యాపారమును కొనువేళకు ఒక్క పిట్టను చేతితో చేసి ఆరబెట్టుటకు 27 గంటలు పట్టెడిదట. నేడు యంత్రము ఆరు నిమిషములలో చేయును. చాక్లెట్టు గుడ్డుకూడ అంత పురాతనమేమియు కాదు. బ్రిస్టలు నగరమున ఫ్రై కంపెనీవారు 1873లో చేసినదానితో అది ఇంగ్లండున అంగడికెక్కినది. పోలండువారు పవిత్ర శనివారమునాడు గుడికి కొనిపోయి ఆశీర్వదింపజేసికొను బుట్టలో నేటికిని ప్రధానముగా నుండునవి రొట్టె, ఉప్పు, గుడ్లు, మాంసము, ఘాటైన ముల్లంగిజాతి దుంప. కావున మిఠాయి లేని బుట్టను పెట్టిన తల్లి ఆచారమును భంగపరచుచున్నదని ఎవరైన ననినచో నమ్మవలదు.

మిఠాయియే చౌక యను మాటకూడ 2025లో నిలువలేదు. పడమటి ఆఫ్రికాలో పంట దెబ్బతినుటచే, అంతకు రెండేండ్ల క్రితము టన్ను 2,500 డాలర్లలోపుగా నుండిన కోకో 2024లో పదివేలు దాటినది. గుడ్లకును శని పట్టినది. బర్డ్ ఫ్లూ మూలమున కోళ్లను చంపివేయగా 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్ల 23 సెంట్లకు ఎగబ్రాకినది. ఆ యేడు కొందరు గుడ్లు మాని బంగాళాదుంపలకు రంగులు వేసిరి. మేమంత దూరము పోలేదు. ఆరు గుడ్లతో సరిపెట్టితిమి.

మేము చేసిన పని ఇది. బుట్టలు కొనలేదు. పిల్లవాడు తన బేసుబాల్ టోపీని, మూడేండ్ల మనుమరాలు తన గడ్డిటోపీని తిరగవేసి గూళ్లు చేసిరి. అంగడిలో అమ్మెడి ప్లాస్టిక్కు గడ్డి పెంపుడు పిల్లులు మ్రింగినచో ప్రేగులకు చుట్టుకొనును. దానికి బదులుగా మట్టల ఆదివారమునకు ముందు గురువారమునాడు గుప్పెడు గోధుమలు నానబెట్టి, పళ్లెములో తడిమట్టి పరచి చల్లితిమి. పండుగనాటికి బెత్తెడెత్తున పచ్చగా పెరిగినది. ప్రతిదినము ప్రొద్దున్నే లేచి ఎంత పెరిగినదో స్కేలుతో కొలుచుట పిల్లవానికి నిత్యకృత్యమైనది. పెండ్లిండ్లలో అంకురార్పణ చూచినవారికి ఈ ముచ్చట క్రొత్తకాదు. రంగుల పొట్లములు కొనలేదు. తెలుగువారి వంటయింట ఉల్లిపొట్టునకు కొరత ఎన్నడు? నీటిలో అరగంట మరిగించి, కొంచెము వెనిగరు చేర్చి గుడ్లను వేసినచో తేనెరంగు మొదలు ఇటుకరంగు వరకు వచ్చును, పసుపు పసిమివన్నెనిచ్చును, ఎర్రక్యాబేజీ వింతగా నీలమునిచ్చును. పెన్సిల్వేనియా రైతులు ఉల్లిపొట్టు రంగుమీద సూదితో గీకి పూలును పేర్లును చెక్కెడివారు. మా అమ్మాయి అట్లే ఒక గుడ్డుమీద తెలుగులో పిల్లవాని పేరు గీకినది, వాడు తన పేరును తెలుగు లిపిలో తప్పులేకుండ చదివినది అదే మొదటిసారి. ఉడికిన గుడ్లను మాత్రము రెండు గంటలకు మించి బయట నుంచక ఫ్రిజ్జులో పెట్టితిమి.

ఇక గూటిలోనికి ఏమి చేరినవి? పురపాలక గ్రంథాలయమువారు తీసివేసిన పుస్తకములను అమ్ముచుండగా పక్షులనుగూర్చిన బొమ్మల పుస్తకమొకటి చిల్లరడబ్బులకు దొరకినది. ఒకప్పుడు సమస్తమును డాలరునకే అమ్మి, 2021 తరువాత డాలరుంబాతిక చేసిన దుకాణములో వీధిమీద బొమ్మలు గీయు లావుపాటి సుద్దముక్కలు, ఎగురు తాడు, బీన్సు విత్తనముల పొట్లము తీసికొంటిమి. నా పెట్టె అడుగున ఏటికొప్పాక లక్కబొంగరమొకటి ఉండినది. అంకుడు కర్రపై చెట్ల రంగులతో చేసిన ఆ బొంగరము తిరుగుట చూచి పొరుగింటి అమెరికను పిల్లలు ఇంట్లోనికి వచ్చి కూర్చుండిరి. చిన్నదానికి బొంగరమీయలేదు. మూడేండ్ల లోపువారికి, మూడేండ్లు నిండి ఇంకను ప్రతిది నోట పెట్టుకొను స్వభావము పోనివారికి, చిన్నచిన్న వస్తువులు గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు. టాయిలెట్ కాగితము చుట్టెడి అట్టగొట్టములో దూరిపోవు ఏ వస్తువును వారి చేతికీయరాదని అక్కడి తల్లులు పాటించు నియమము మన తల్లులును పాటింపదగినది. బిళ్ల బ్యాటరీలును అయస్కాంతములును ఉన్న చౌక బొమ్మలను ఇంటికే తేరాదు. చిన్నదానికి ఆ సుద్దముక్కలు, మేజోళ్లు, లావు రంగుకడ్డీలు, సబ్బుబుడగల సీసా చాలినవి. ఇద్దరి గూళ్లలోను వస్తువుల సంఖ్య సరిగ్గా సమానముగా నుండునట్లు మాత్రము చూచుకొంటిమి. వెలలను పిల్లలెరుగరు, లెక్కను మాత్రము న్యాయవాదులకంటె నిశితముగా చూతురు.

అంగడిలో దొరకనిది ఒకటి మిగిలినది. పాత ప్లాస్టిక్కు గుడ్లు, రెండు చిప్పలుగా విడిపోవునవి, అటుకమీద డజను పడియుండెను. వానిలో మిఠాయికి బదులు చీటీలు పెట్టితిమి. ఒకదానిలో "నేడు అరగంట ఆలస్యముగా నిద్రపోవచ్చును". ఒకదానిలో "తాతయ్య చేత రెండు కథలు". ఒకదానిలో "ఒకనాటి రాత్రిభోజనము నీవు కోరినదే". పెరటిలోను మేడమెట్లక్రిందను వానిని దాచి, ఒక చీటీ మరియొక గుడ్డు జాడ చెప్పునట్లు అమర్చుట అల్లునికి అర్ధరాత్రివరకు పనియైనది. ఉదయమున పిల్లలు వెదకుటకు గంటన్నర పట్టినది; సిద్ధముగా కొన్న బుట్టను విప్పుటకు అయిదు నిమిషములు చాలును.

నేను సన్యాసిని కాను. రెండేండ్లు దాటిన పిల్లలకు దినమునకు 25 గ్రాములకు, అనగా ఆరు టీస్పూనులకు, మించి చక్కెర కలిపినది పెట్టరాదని అమెరికా హృద్రోగ సంఘమువారు చెప్పుచున్నారు. ఒక మోస్తరు చాక్లెట్టు కుందేలును ప్రొద్దున్నే ముగించినవాడు ఆ హద్దును కాఫీవేళకే దాటును. అయినను పండుగనాడు ఒక్క చాక్లెట్టైనను లేకుండ చేసినచో, పిల్లవాడు దానిని పొరుగింట తినివచ్చి మనకు అబద్ధము చెప్పుట నేర్చుకొనును. ఇద్దరి గూళ్లలోను చెరియొక చిన్న చాక్లెట్టు గుడ్డును నేనే దొంగతనముగా పెట్టితిని. మా అమ్మాయి నన్ను కోపముగా చూచినది గాని తీసివేయలేదు.

నిద్రచీటీని పిల్లవాడు ఆ రాత్రియే చెల్లించుకొనెను, కథల చీటీని మరునాడు. భోజనపు చీటీని మాత్రము ఖర్చుపెట్టలేదు. పుట్టినరోజునకని కొన్నాళ్లు, బడి ముగియునాటికని కొన్నాళ్లు దాచి, మధ్యమధ్య తీసిచూచి మడతపెట్టి పక్షుల పుస్తకములో పెట్టుకొనుచుండెను. ఆగస్టులో నేను తిరుగు ప్రయాణమునకు పెట్టె సర్దుకొనుచుండగా దానిని తెచ్చి చూపి, "తాతయ్యా, ఇది ఎప్పటిదాకా చెల్లుతుంది?" అని అడిగెను. తేదీ వేయుట మరచితిమని మా అమ్మాయి వంటయింటినుండి కేకవేసినది.