సంపాదకుని మాట: మెట్ల కింద బ్యాటరీ

ఎండలు ముదరకముందే ఇన్వర్టర్ల బేరాలు మొదలవుతాయి. ధర గురించి గీచి గీచి అడుగుతాం గానీ ఎన్ని గంటలు వస్తుందో లెక్క వేయం.

150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీనే తీసుకోండి. 12 వోల్టులతో గుణిస్తే 1.8 యూనిట్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీని అడుగంటా వాడితే త్వరగా పాడవుతుంది కనుక సగమే వాడామనుకుందాం. ఇన్వర్టర్ తినేది పోగా 700 వాట్-అవర్లు మిగులుతాయి. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు, రెండు లైట్లు వేస్తే మూడు గంటలు కూడా రాదు. అవే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ఆరు గంటలు లాగుతుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఒకసారి ఫ్యాన్ల కేసి చూడమంటాను.

లిథియం ఖరీదెక్కువ. నీళ్లు పోసే పని ఉండదు, ఎక్కువేళ్లు వస్తుంది. (ట్యూబులర్‌లో నీటి మట్టం చూపే బుడిపె లోపలికి కుంగిపోయినా పట్టించుకోని ఇళ్లకు అదే మేలేమో!) అయితే రోజుకు పావుగంట కరెంటు పోయే ఇంటికి అంత డబ్బు దండగ.

ఇక సోలార్. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. దాంతో కోతల బెడద తీరిందనుకుంటారు చాలామంది. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్, లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. ఆగకూడదంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టాలి. ఆ ఖర్చు ఎంతవుతుందన్నదే ఈ సంచిక ముఖచిత్ర కథనం. కొటేషన్ తెచ్చుకున్నవాళ్లు దాన్ని పక్కన పెట్టుకుని చదవండి.