ఇంటికొచ్చి ప్రార్థన చేస్తే చాలదు

“మీరెందుకు శ్రమపడడం, మేమే ఇంటికొచ్చి ప్రార్థన చేస్తాం లెండి.” మూడేళ్ళుగా మా నాన్న ఈ మాట వింటున్నాడు. ప్రేమతో అనే మాటే. అయ్యగారు అంటారు, సంఘ పెద్దలు అంటారు, స్త్రీల సమాజం వాళ్ళు అంటారు. అన్నట్టే వస్తారు కూడా. పాట పాడి, వాక్యం చెప్పి, టీ తాగి వెళ్తారు. వాళ్ళు గుమ్మం దాటాక నాన్న నన్ను ఒకటే అడుగుతాడు: “మరి నేను గుడికి ఎప్పుడెళ్ళేది తల్లీ?”

నాన్న 31 ఏళ్ళు ఈ చెన్నై వీధులు ఊడ్చిన మనిషి. రెండుసార్లు టీబీ వచ్చింది. రెండుసార్లూ మందులు పూర్తిగా వాడాడు, తగ్గింది. టీబీ పోయింది గానీ అది తినేసిన ఊపిరితిత్తులు తిరిగి రాలేదు. ఇప్పుడు ముక్కుకి గొట్టం. రోజుకి కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకోమన్నారు. ఆ 15 ఎవరో నోటికొచ్చినట్టు చెప్పిన అంకె కాదు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినవాళ్ళు రోజులో ఎక్కువ గంటలు దాన్ని పెట్టుకుంటే ఎక్కువ కాలం బతుకుతారని 1980, 81లలో అమెరికాలో, బ్రిటన్‌లో జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. బ్రిటన్ అధ్యయనంలో వాడినది 15 గంటలే. నడిస్తే ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. అంటే గడప దాటినప్పుడే నాన్నకి అది మరీ అవసరం.

ఇంట్లో పర్వాలేదు. గోడకి ప్లగ్గు పెడితే కాన్సంట్రేటర్ గదిలోని గాలి నుంచి నత్రజనిని తీసేసి ఆక్సిజన్ ఇస్తుంది. కరెంటు బిల్లు సంగతి వేరే. సుమారు 350 వాట్ల యంత్రం రోజుకి 15 గంటలు ఆడితే రెండు నెలలకి 300 యూనిట్లు దాటుతుంది, తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది 100. బ్రిటన్‌లో ఈ కరెంటు ఖర్చుని రోగికి తిరిగి చెల్లిస్తారు. మనకి ఆ ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

అసలు చిక్కు బయట. రెండు లీటర్ల సైజు చిన్న సిలిండర్‌ని (నాన్న దాన్ని ‘మా చిన్నోడు’ అంటాడు) 150 బార్ ఒత్తిడికి నింపితే 300 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల లెక్కన 150 నిమిషాలు, రెండున్నర గంటలు. అందులో చివరిదాకా వాడకూడదు, కొంత చేతిలో ఉంచుకోవాలి. కాబట్టి ఊళ్ళో అందరూ కాలాన్ని గంటల్లో కొలుస్తుంటే మేము లీటర్లలో కొలుస్తాం. ఒక గంట క్యూ అంటే 120 లీటర్లు. సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగితే 20 లీటర్లు. “డాక్టరుగారు రౌండ్స్‌లో ఉన్నారు, కూర్చోండి” అంటే ఎన్ని లీటర్లో వాళ్ళకీ తెలియదు, మాకూ తెలియదు.

మొన్న ఒకరోజు పొద్దున ఏడింటికి బయల్దేరాం. మూడు సిలిండర్లు, ఇద్దరం మనుషులం, ఒక ఆటో. ఓపీ చీటీకి ఒక వరస, ఎక్స్‌రేకి ఇంకో అంతస్తు, లిఫ్టు పనిచేయలేదు. నాన్న మెట్టుమెట్టుకీ ఆగి ఎక్కాడు. మధ్యాహ్నానికి మూడో సిలిండర్ ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. మా ముందు ఇంకా 14 మంది ఉన్నారు. డాక్టర్ని చూడకుండానే ఇంటికొచ్చేశాం. ఆ ఆసుపత్రి పేరు రాయను. పేరు మార్చినా లెక్క మారదు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళని ముందు పిలిచే టోకెన్ ఒకటి, హాల్లో కూర్చోబెట్టి గోడ నుంచి ఆక్సిజన్ ఇచ్చే కుర్చీలు రెండు ఉంటే ఆ రోజు వృథా అయ్యేది కాదు. వార్డులకి గోడల్లోంచి ఆక్సిజన్ వస్తుంది, దాన్నే ఓపీ హాలుదాకా తేవచ్చు.

‘చిన్న పోర్టబుల్ యంత్రం కొనుక్కోవచ్చు కదా’ అని చదువుకున్న తమ్ముళ్ళు సలహా ఇస్తారు. దాని ధర లక్షకి పైమాటే. పైగా అందులో చాలావాటిలో ‘2’ అని పెడితే నిమిషానికి రెండు లీటర్లు రావు. ఊపిరి పీల్చినప్పుడు మాత్రం కొంత వదులుతుంది. అది సరిపోతుందో లేదో నడిపించి, వేలికి ఆక్సీమీటర్ పెట్టి, డాక్టర్ చూసి చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే వస్తువు కాదు.

ఒక బ్యాంకులో గార్డు సిలిండర్‌ని లోపలికి రానివ్వలేదు. “పేలితే ఎవరిది బాధ్యత?” అన్నాడు. నాన్న ఎండలో బయట నిలబడ్డాడు, గుమాస్తా వచ్చి వేలిముద్ర తీసుకునేదాకా. 31 ఏళ్ళ చీపురు ఆ వేలి మీద గీతలు అరగదీసింది కాబట్టి అదీ ఐదోసారికి గానీ పడలేదు. షేర్ ఆటోలో గొట్టం చూసి జనం ముక్కు మూసుకుని జరుగుతారు, కరోనా అనుకుని. చుట్టాలు ఇంకో రకం. “ఆక్సిజన్ అలవాటైతే ఇక మానలేరట కదా” అంటారు. కళ్ళజోడు అలవాటైందని ఎవరైనా భయపడ్డారా?

ఇక చట్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో ఉన్నవి ఏడే కాబట్టి అది పెద్ద ముందడుగే, కాదనను. ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం చదవండి: దీర్ఘకాలపు లోపం ఉండి, సమాజంలోని అడ్డంకుల వల్ల ఇతరులతో సమానంగా పాలుపంచుకోలేనివారు. ఆ నిర్వచనంలో నాన్న ఉన్నాడు. పట్టికలో లేడు. తలసీమియా ఉంది, పార్కిన్సన్స్ ఉంది, ఊపిరితిత్తుల జబ్బు లేదు. పట్టికలో లేకపోతే సర్టిఫికెట్ లేదు, అది లేకపోతే రాయితీ లేదు, ప్రత్యేక వరస లేదు. కేంద్రం ఒక ప్రకటనతో కొత్త రకాలను చేర్చవచ్చని ఆ పట్టికలోనే రాసి ఉంది. అడిగేవాళ్ళు లేరు, అంతే. రైల్వేలో చూడండి. చికిత్సకి వెళ్ళే టీబీ రోగికి ఛార్జీలో 75 శాతం రాయితీ ఉంది. టీబీ తగ్గి, ఊపిరితిత్తులు పాడైపోయి, సిలిండర్ మోసుకుని వెళ్ళేవాడికి లేదు. జబ్బుకి ఇచ్చారు, జబ్బు మిగిల్చిన మనిషికి ఇవ్వలేదు. (డాక్టర్ సలహా మీద స్టాండుతో సహా ఆక్సిజన్ సిలిండర్‌ని ఏ తరగతిలోనైనా తీసుకెళ్ళవచ్చని రైల్వే సామాను నిబంధనల్లోనే ఉంది. ఆ పేజీ, డాక్టర్ ఉత్తరం సంచిలో పెట్టుకోండి. వాదించే ఊపిరి రోగికి ఉండదు.)

ఇదంతా చెన్నైలో జరగడం నాకు మరీ బాధ. ఊపిరితిత్తుల విషయంలో ప్రపంచానికి పాఠం చెప్పిన ఊరిది. ఇంగ్లండ్‌లో మెండిప్ కొండల దగ్గర శానటోరియం నడిపిన డాక్టర్ చౌరీ ముత్తు 1928లో తాంబరంలో శానటోరియం పెట్టారు. బయటి గాలే మందు అని నమ్మిన మనిషి. ఆ పేరుతోనే ఇప్పటికీ అక్కడ రైల్వే స్టేషన్ ఉంది. తర్వాత 1956లో ఇక్కడే టీబీ పరిశోధన కేంద్రం మొదలైంది, ఇప్పుడు చేత్‌పట్‌లో ఉన్న జాతీయ సంస్థ అదే. ఇరుకు ఇళ్ళలో ఉండే పేదలకి ఇంటి దగ్గర మందులిచ్చినా శానటోరియంలో పెట్టినంత బాగా నయమవుతుందని 1959లో ఆ కేంద్రం నిరూపించింది. ఇంట్లోవాళ్ళకి జబ్బు అంటుకోవడమూ అంతకంటే ఎక్కువ కాలేదు. ప్రపంచమంతా టీబీ వైద్యం మారింది ఆ మద్రాసు ఇళ్ళ వల్ల. ఆనాడు ‘ఇంటి వైద్యం’ అంటే రోగిని నాలుగు గోడల నుంచి విడిపించడం. ఇవాళ అదే మాటని మనం నాలుగు గోడలుగా మార్చేశాం. 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ఇంటి ముంగిటికే మందులు తెచ్చే పథకం మొదలుపెట్టింది, మంచిది. అయితే మందు ఇంట్లోకి రావడం ఒకటి, మనిషి ఇంట్లోంచి రావడం ఇంకొకటి.

ప్రభుత్వాన్ని అన్నాను. ఇప్పుడు మన సంగతి. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో, తమిళనాడు నుంచి రావలసిన ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై 11 మంది చనిపోయారు. ఆ నెలలో మనం ఎంత ఏడ్చామో మనకి తెలుసు. ఎన్నో సంఘాలు కానుకలెత్తి కాన్సంట్రేటర్లు కొన్నాయి. మా సంఘమూ రెండు కొన్నది. ఫోటోలు దిగాం. ఆ రెండూ ఇప్పుడు వెస్ట్రీ గదిలో, చిరిగిన పాటల పుస్తకాల పక్కన, గుడ్డ కప్పుకుని ఉన్నాయి. వాడకుండా పెడితే లోపలి జియోలైట్ తేమ పీల్చి పాడైపోతుందని కూడా ఎవరూ చూడలేదు. ఒకటి తీసి మూడో బెంచీ పక్కన ప్లగ్గు పెడితే నాన్న ఆరాధన అంతా కూర్చోగలడు, ‘చిన్నోడు’ దారికి మిగులుతాడు.

డిసెంబరు 24 రాత్రి కొవ్వొత్తుల ఆరాధనలో నాన్నని బయట వరండాలో కూర్చోబెట్టారు. భద్రత కోసమే. తప్పులేదు, ఆక్సిజన్ తానుగా మండదు గానీ మంటని రెచ్చగొడుతుంది. నిప్పు దగ్గర ఉండకూడదు. అయితే ఆ రాత్రి మనం ఎవరి పుట్టుక గురించి పాడుతున్నాం? లోపల చోటులేక పశువులపాకలో పుట్టినవాడి గురించి. బ్యాటరీ దీపాలు పారిస్ కార్నర్‌లో గుట్టలుగా అమ్ముతారు. కొవ్వొత్తిని మార్చాలని ఎవరికీ తట్టలేదు, మనిషిని బయటికి మార్చాలని తట్టింది.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకొచ్చారు. గుమ్మంలో జనం. ఆ నలుగురూ ‘ప్రభువునే ఇంటికి పిలుద్దాం, ప్రార్థన చేయించుదాం’ అనుకోలేదు. పైకప్పు విప్పారు. ఎవరి ఇల్లో, ఎవరి కప్పో, తర్వాత ఎవరు బాగుచేయించారో రాయలేదు. ప్రభువు కప్పు పాడైందని కోప్పడలేదు. మన గుడిలో ఒక బెంచీ జరపడానికి కమిటీ తీర్మానం కావాలి.

ఈ నగరపు వికలాంగులు హైకోర్టు దాకా వెళ్ళి కొట్లాడబట్టే కదా, 2025 జూన్ 30న వ్యాసర్పాడి డిపో నుంచి లో-ఫ్లోర్ ఎలక్ట్రిక్ బస్సులు కదిలాయి. మెట్టు ఎక్కలేని నాన్న ఇవాళ ఆ బస్సెక్కుతున్నాడంటే మనకి ముఖం తెలియని వాళ్ళ పోరాటం అది. మనం ఎవరి కోసం ఏం పోరాడాం?

యవ్వనస్థులారా, స్వస్థత కూటానికి మైకు సెట్టు మోసినవాళ్ళు సిలిండర్ మోయలేరా? నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదు. సిలిండర్ ఆటోలో దొర్లకుండా కట్టాలి. వాల్వుకి నూనె, గ్రీజు తగలనివ్వకూడదు. డ్రైవరన్న బీడీ వెలిగిస్తే ఆర్పమని వినయంగా చెప్పాలి. మీటరు చూసి లెక్క వేయాలి. ఆయాసపడుతున్నాడని జాలిపడి నాబ్ మీ అంతట మీరు పెంచొద్దు. ఇలాంటి రోగుల్లో కొందరికి ఎక్కువ ఆక్సిజన్ వల్ల ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మత్తు కమ్ముతుంది. డాక్టర్ రాసిన అంకె మీదే ఉంచాలి. ఆసుపత్రి రోజున ఒకరు ముందుగా వెళ్ళి వరసలో నిలబడితే చాలు, అది 300 లీటర్ల ఉపకారం.

నాన్న పేరు పట్టికలో చేర్చమని ఢిల్లీకి ఉత్తరం నేను రాస్తున్నాను, సంతకాలు కావాలి. ఈలోగా వచ్చే ఆదివారం ప్రభురాత్రి భోజనం ఉంది. ఈసారి బల్లని ఇంటికి తేవద్దని అయ్యగారికి చెప్పేశాం. తొమ్మిదింటికి బయల్దేరుతాం, మూడు సిలిండర్లు. గుడి ముందు నాలుగు మెట్లున్నాయి. ఇద్దరు కావాలి.