గడి నింపాక

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొదటి ఏడాది ముగించిన విద్యార్థులు కొన్నేళ్లుగా వేసవిలో ప్రశ్నావళి కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరిట 180 గంటలు ఒక ఊళ్లోనో వార్డులోనో పనిచేసి, అక్కడి సమస్యను పరిశీలించి నివేదిక రాయాలి. వారిలో కొందరు పిల్లల కష్టాలనే ఎంచుకుంటున్నారు. మధ్యలో ఆగిన చదువులు, రక్తహీనత, చిన్న వయసు పెళ్లిళ్లు వారి నివేదికలకు విషయాలవుతున్నాయి. ఇది సంతోషించాల్సిన సంగతి.

అధికారులకు లేని చనువు ఈ విద్యార్థులకుంది. మండలాఫీసు నుంచి వచ్చినవారి ముందు నోరు విప్పని పన్నెండేళ్ల పిల్ల, కాలేజీ అమ్మాయిని ‘అక్కా’ అంటూ వీధి చివరిదాకా వెంట వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. ఈ విద్యార్థినులకు అది పుస్తకంలో అంకె కాదు. పదో తరగతిలో పక్కన కూర్చున్న స్నేహితురాలు ఇంటర్‌కు ఎందుకు రాలేదో, ఆ పెళ్లికి ఇంట్లోవాళ్లు ఎందుకు తొందరపడ్డారో వారికి తెలుసు.

అయితే ఆ తెలిసినదంతా కాగితం మీదికి రావడం లేదు. బడి ఎందుకు మానేశావన్న ప్రశ్న కింద నాలుగైదు గడులుంటాయి. ‘చదువు మీద ఆసక్తి లేదు’ అన్నది వాటిలో ఒకటి. జాతీయ సర్వేలో కూడా బడి మానడానికి చెప్పిన కారణాల్లో ముందు వరుసలో ఉన్నది ఇదే. టిక్కు పెట్టి పక్కింటికి వెళ్లిపోవచ్చు. కానీ అసలు అడగాల్సింది అక్కడి నుంచే. కర్నూలు జిల్లా కోసిగి వైపు పల్లెలో ఒక కుర్రాడు ఆ మాటే అన్నాడనుకుందాం. అరుగు మీద కూర్చుని ఇంకాసేపు మాట్లాడితే సంగతులు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఏటా మిరప కోతలకు అమ్మానాన్నలతో గుంటూరు వైపు వెళ్లాలి. ఊళ్లో వదిలి వెళ్దామంటే అవ్వకు కళ్లు సరిగా ఆనవు. వేసవి ముంగిట తిరిగొచ్చేసరికి తరగతిలో లెక్కలు చాలా దూరం వెళ్లిపోయి ఉంటాయి. తెలియదంటే పక్కవాళ్లు నవ్వుతారు. అలా ఒకరోజు బడికి పోలేదు, మర్నాడూ పోలేదు. తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంటి దగ్గర ఉండిపోయిన అమ్మాయి కూడా ఆ గడిలోకే చేరుతుంది. ఇన్ని కారణాలూ మాయమై, చివరికి తప్పు పిల్లలదే అన్నట్టు నివేదిక తయారవుతుంది. పిల్లలకు ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

ఓపిగ్గా వింటే ఏమవుతుందో మన తెలుగు నేలే చూసింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేసినప్పుడు, పేదలు పిల్లల్ని పనికే పంపాలనుకుంటారన్న నమ్మకం నిలబడలేదు. చదివించాలని తల్లిదండ్రులకు ఉంది. పదేళ్ల పిల్లను ఏ తరగతిలో చేర్చాలో, ఏ కాగితం ఎవరి దగ్గర నుంచి తేవాలో చెప్పే మనిషే లేడు. అందుకే పనిలోంచి వచ్చిన పిల్లలను ముందు శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టారు. ముంబయిలోనూ అంతే. టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో ఒక విభాగం వీధి బాలల కోసం 1996లో ప్రయోగంగా మొదలుపెట్టిన ఫోన్ సేవే, ఇవాళ దేశమంతటికీ తెలిసిన పిల్లల సహాయవాణి 1098.

విద్యార్థులను పంపేముందు కాలేజీలు వారికి చెప్పి తీరాల్సిన విషయం ఒకటుంది. పిల్లలు మనసు విప్పి మాట్లాడినప్పుడు, ప్రశ్నావళిలో లేని సంగతులు కూడా చెబుతారు. ఒక పాప తనపై జరుగుతున్న లైంగిక హింస గురించి చెప్తే, పంతొమ్మిదేళ్ల పరిశోధకురాలు ఏం చేయాలి? పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. ఆ పాప పేరు, ఫొటో నివేదికలో కనిపించకూడదు. ఆ రోజు ఫోన్ చేస్తే పలికి, ఊరికి వచ్చి పక్కన నిలబడే అధ్యాపకులు ఉండాలి. ఈ ఏర్పాటు లేకుండా విద్యార్థులను ఇంటింటికీ పంపడం వారికీ మంచిది కాదు, ఆ పిల్లలకూ మంచిది కాదు.

వైవా ముగిసి మార్కులు పడ్డాక ఆ నివేదిక బీరువాలో చేరితే, గంటసేపు తమ గోడు చెప్పుకున్న ఇంటివాళ్లకు మిగిలేదేమీ లేదు. విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల స్థానాలు తల్లిదండ్రులకిచ్చింది. ఊరి పిల్లల గురించి రాసినదాన్ని రెండు పేజీల తెలుగులోకి కుదించి, ఎవరి పేర్లూ లేకుండా, ఆ కమిటీ ముందు చదివి వినిపించాలి. తప్పులుంటే వారే దిద్దుతారు. ఆ వివరాలు మరో చోటా పనికొస్తాయి. వలస వెళ్లేవారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉంది. ఏ ఊళ్లో ఎందరికి అవసరమో ముందే తెలియాలి. వేసవిలో తీసిన లెక్క జూలైలో మండల విద్యాధికారి చేతికి అందితే, మిరప కోతలు మొదలయ్యేలోగా ఆ పిల్లలకు చోటు చూడటానికి దాదాపు ఆరు నెలల గడువు ఉంటుంది.