పది మార్కుల తెలివి

గురుకులం సీటు రాని పిల్లగానికి తెలివి లేదా? ఈ మాట మన వాడల్లో మనమే అంటున్నాం. "మావోడికి బుర్ర లేదు" అని తల్లే చెప్తున్నది. ఈ మాటను వాడల నుంచి వెళ్లగొట్టాలి.

ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష 100 మార్కులకు. తెలుగు 20, ఇంగ్లీషు 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. సమయం రెండు గంటలు. జవాబు రాసేది లేదు, గుండ్రం దిద్దాలి. మొదటి నాలుగూ బడిలో చెప్పే సబ్జెక్టులు. ఆఖరి పది మార్కులకు బడిలో ప్రత్యేకం పుస్తకం లేదు, పీరియడ్ లేదు. డబ్బున్నోళ్లు దాన్ని కోచింగులో కొంటున్నరు. ఇంద్రేశం నుంచి పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలకు షిఫ్టుకు పోయే కాంట్రాక్టు కూలీ ఎక్కడ కొంటడు?

తెలివి పుట్టుకతో వస్తదన్న మాట మన మనువాదులది ఒక్కటే కాదు. అమెరికాలో కార్ల్ బ్రిగమ్ అనే ప్రొఫెసరు తెలివి జాతిని బట్టి ఉంటదని 1923లో పుస్తకం రాసిండు. 1926లో కాలేజీ ప్రవేశాలకు శాట్ పరీక్ష తయారు చేయించింది కూడా ఆయనే. ఇంగ్లీషు రాని వలస జనాన్ని ఇంగ్లీషు పరీక్షతో కొలిచి జాతి తీర్పు చెప్పడం చెల్లదని 1930లో తనే ఒప్పుకున్నడు. పరీక్ష కొలిచింది తెలివిని కాదు, అలవాటును.

మన పిల్లలకు లేనిది ఆ అలవాటే. పొడుపుకథ విప్పే పిల్లకు పోలిక తెలియదా? చెప్పుకు తోలు ఎట్లనో కుండకు ఏది అంటే మట్టి అని టక్కున చెప్తది. నాయన చెల్లెలి కొడుకు ఏమైతడంటే బావనో బామ్మర్దో తడుముకోకుండా చెప్తది. కానీ మేనమామ, చిన్నాయన, పెదనాయన అందరూ ఇంగ్లీషులో 'అంకుల్' ఒక్కడే. అక్కడ పిల్ల ఆగిపోతది. అది బుర్ర లోపం కాదు.

కాబట్టి మేం చెప్పేదిది. నాలుగో తరగతి మొదలైనప్పటి నుంచే, వాడలో పదో తరగతి దాటిన పిల్లలు సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టాలి. గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు 26, వాటి కింద నంబర్లు రాయాలి. సి, ఏ, టి అక్షరాలు డి, బి, యు అయితే ఏం జరిగింది? ఒక్కో అక్షరం ముందుకు జరిగింది. ఈ కిటుకు ఒక్కసారి పట్టుబడితే పోదు. దిక్కుల లెక్కను ముందు వాకిట్లో నిలబెట్టి నేర్పాలి. ఉత్తరానికి మొగం పెట్టి కుడికి తిరిగితే తూర్పు. తర్వాత కాగితం మీద. కాకి, పిచ్చుక, గబ్బిలం, పావురంలో వేరేది ఏదని అడిగి ఊరుకోవద్దు, ఎందుకో చెప్పించాలి. కారణం చెప్పగలిగిన పిల్లకు ప్రశ్న మారినా భయం ఉండదు. ఆఖరి నెలల్లో గడియారం పెట్టి గుండ్రాలు దిద్దించాలి.

ఇది సగం పనే. ఎంత బాగా నేర్పినా ఉన్న సీట్లకు మించి ఒక్కరు కూడా లోపలికి పోరు. మన పిల్ల గెలిస్తే పక్కింటి మన పిల్లే ఓడిపోతది. అందుకే పిల్లలకు నేర్పుతూనే ఊరి బడిలో ఈ పాఠం చెప్పాలని, గురుకులాల్లో సీట్లు పెంచాలని గట్టిగా అడగాలి. సీటు రాని పిల్లను తిట్టొద్దు. సీటు లేదన్న సర్కారును నిలదీయాలి.